లక్ష కిలోమీటర్లు దాటిన మోటారు కారు – దాని సంరక్షణ

యంత్రానికి ప్రాణం లేకపోయినా వయస్సు ఉన్నది. మనిషి వయస్సును సంవత్సరాలతో లెక్కిస్తాము. మోటారు కారు వయస్సును సంవత్సరాలతోను, అది నడిచిన కిలోమీటర్లతోను, నడిచిన దారుల స్వభావంతోను కలిపి లెక్కించవలెను. ఇరవై ఏండ్ల కారు ఒకటి కొత్తదానివలె నడుచుట, ఆరేండ్ల కారు మరొకటి మూలపడుట మనము చూచుచునే ఉన్నాము. ఈ భేదానికి అదృష్టం కారణం కాదు. సంరక్షణలోని భేదమే కారణం.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రానికి చెందిన సైన్సు ఉపాధ్యాయుడు ఇర్వ్ గార్డన్ 1966లో ఒక వోల్వో కారును కొన్నాడు. 2013 సెప్టెంబరులో ఆ కారు ముప్పది లక్షల మైళ్లు, అనగా సుమారు 48 లక్షల కిలోమీటర్లు పూర్తి చేసినది. కర్మాగారం ఇచ్చిన పుస్తకంలో ఏ పని ఎప్పుడు చేయవలెనని ఉన్నదో ఆ పనిని అప్పుడు చేయించుటయే ఆయన పాటించిన నియమం. ఇందులో రహస్యమేమియు లేదు. ఈ నియమం సత్తెనపల్లి దారులలో ఎట్లు అమలు కావలెనో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత కారు – మన ప్రాంతం

మన ప్రాంతంలో పాత కారు విలాస వస్తువు కాదు. గుంటూరు, నరసరావుపేట, పిడుగురాళ్ల, అమరావతి దారులలో బాడుగకు తిరిగే కారు ఒక కుటుంబానికి అన్నం పెట్టుచున్నది. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని గుంటూరు ఆసుపత్రికి చేర్చునది తరచుగా ఇటువంటి కారే. అది దారిలో ఆగిపోయిన నష్టపోవునది యజమాని ఒక్కడే కాదు.

బిర్లాల హిందూస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడరు కారు 1957 ప్రాంతంలో వెలువడినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మాతృక. 2014 మే నెలలో దాని ఉత్పత్తి నిలిచిపోయినది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడ 2014 జనవరిలోనే ఆగిపోయినది. కర్మాగారం మూతపడినంత మాత్రాన అందులో తయారైన కార్లన్నియు ఆనాడే ఆగిపోవు. వాటి ఆయుష్షు అప్పటినుండి యజమాని చేతిలోను, మిస్త్రీ చేతిలోను ఉండును.

మన నేల నల్లరేగడి. వానకాలంలో ఆ మన్ను చక్రాలకు, మడ్‌గార్డులకు ముద్దలుగా అంటుకొని తేమను పట్టి ఉంచును. వేసవిలో అదే మన్ను ధూళియై ఇంజనులోనికి చొరబడును. పత్తి తీసే కాలంలో జిన్నింగు మిల్లుల పరిసరాలలో ఎగిరే దూది పీచు రేడియేటరు రేకుల మధ్య ఇరుక్కొనును. మిరప కోతల తరువాత వచ్చు ఎండలు ఎంతటివో పల్నాటివారికి చెప్పనక్కరలేదు. ఎండకు పేరుపడిన రెంటచింతల మనకు దూరం కాదు. ధూళి, ఎండ, గతుకులు – ఈ మూడును కలిసిన చోట కారును కఠిన పరిస్థితులలో నడిచెడి వాహనంగా భావించవలెను. కర్మాగారపు పుస్తకంలోని గడువులను ఇచ్చట కొంత తగ్గించుకొనుటయే వివేకం.

లక్ష కిలోమీటర్లు అనగా ఏమి?

ఒక చిన్న లెక్క వేయుదము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవుచున్న కారులో ఇంజను నిమిషానికి 2,500 సార్లు తిరుగుచున్నదనుకొనుడు. ఆ వేగంతో ఒక కిలోమీటరుకు ఒక నిమిషం పట్టును. కనుక కిలోమీటరుకు 2,500 చుట్లు. లక్ష కిలోమీటర్లకు 25 కోట్ల చుట్లు. నాలుగు ఘాతాల ఇంజనులో ప్రతి రెండు చుట్లకు ఒకసారి ప్రతి సిలిండరులోను ఇంధనం మండును. అనగా ఒక్కొక్క సిలిండరులో పన్నెండున్నర కోట్ల సార్లు మంట పుట్టి, పిస్టను పైకి క్రిందికి ఒరసికొని తిరిగినదన్నమాట. ఆ లోహాల నడుమ ఉన్న రక్షణ ఒక పలుచని నూనె పొర మాత్రమే. ఈ లెక్కను మనస్సులో ఉంచుకొన్నవాడు నూనె విషయంలో అశ్రద్ధ చేయడు.

ముందు పరీక్ష, తరువాత మరమ్మతు

పాత కారును కొన్నవారు మొదట చేయవలసిన పని విడిభాగాలు మార్చుట కాదు, దాని స్థితిని తెలుసుకొనుట. అనేక పాత కార్ల మీటరులో అయిదంకెలే ఉండును. 99,999 తరువాత అది మరల సున్నకు వచ్చును. కనుక మీటరును ఒక్కదానినే నమ్మరాదు. పెడళ్ల రబ్బరు అరుగుదల, స్టీరింగు చక్రం నునుపు, సీటు కుంగుదల కూడ కారు నడిచిన దూరాన్ని చెప్పును.

ఇంజను ఆరోగ్యాన్ని పొగ రంగు తెలుపును. నీలిపొగ వచ్చిన నూనె మండుచున్నదని అర్థం. బరువు లాగునపుడు ఎడతెగక నీలిపొగ వచ్చిన పిస్టను రింగులు అరిగియుండవచ్చును. ఉదయం స్టార్టు చేసినపుడు మాత్రమే కొంచెము వచ్చి ఆగిన వాల్వు గైడుల వద్ద లోపం ఉండవచ్చును. నల్లపొగ పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా పోవుటకు గుర్తు. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత కూడ తెల్లని ఆవిరి ఆగకున్న, రేడియేటరు నీరు సిలిండరులోనికి చేరుచున్నదేమోనని చూడవలెను.

కంప్రెషను పరీక్ష దీనికంటె నమ్మదగినది. స్పార్కు ప్లగ్గులన్నియు తీసి, ఒక్కొక్క సిలిండరులోని ఒత్తిడిని గేజితో కొలువవలెను. సిలిండర్ల మధ్య భేదం పది, పదిహేను శాతానికి మించరాదు. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఇంజను నూనె పోసి మరల కొలువవలెను. ఒత్తిడి పెరిగిన లోపం రింగులలో ఉన్నది. పెరుగకున్న వాల్వులలోనో, హెడ్డు గాస్కెటులోనో ఉన్నది. ఈ చిన్న పరీక్ష చేయకయే ఇంజనును విప్పించి వేల రూపాయలు పోగొట్టుకొనువారు కలరు.

నూనె

ఇంజను నూనె చేయు పనులు అయిదు. ఒరపిడిని తగ్గించును, వేడిని మోసికొనిపోవును, రింగులకు సిలిండరుకు మధ్య సందును మూయును, మసిని కడుగును, లోహాన్ని తుప్పునుండి కాపాడును. పాతబడిన నూనె ఈ అయిదింటిలో ఏ ఒక్కదానినీ సరిగా చేయజాలదు.

పాత తరపు ఇంజనులకు మన ఎండలలో 20డబ్ల్యు-50 తరగతి నూనె సామాన్యముగా అనువైనది. తరువాతి తరపు ఇంజనులకు వాటి పుస్తకంలో చెప్పిన తరగతినే వాడవలెను. చిక్కని నూనె పోసిన చప్పుడు తగ్గునని కొందరు అనుకొందురు. చప్పుడు తగ్గవచ్చును గాని, ఉదయం స్టార్టు చేసిన వెంటనే ఆ నూనె పైభాగాలకు చేరుట ఆలస్యమగును. అరుగుదలలో పెద్ద భాగం ఆ మొదటి క్షణాలలోనే జరుగును.

మన దారులలో 5,000 కిలోమీటర్లకు గాని ఆరు నెలలకు గాని, ఏది ముందు వచ్చిన అప్పుడు, నూనెను, ఫిల్టరును కలిపి మార్చవలెను. కారు నడువకయే షెడ్డులో ఉన్నను ఆరు నెలల గడువు తప్పదు. వారానికి ఒకసారి చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపిన కొంతసేపటికి కొలకడ్డీతో మట్టం చూడవలెను. నూనె తెల్లగా, మజ్జిగవలె కనిపించిన నీరు కలిసినదని అర్థం. అట్టి కారును నడుపరాదు.

గేరుపెట్టె, డిఫరెన్షియలు నూనెలను అనేకులు మరచిపోవుదురు. అవి మండవు గనుక ఎల్లకాలం ఉండునని భ్రమ. సీళ్ల గుండా కారిపోయి మట్టం తగ్గిన తరువాత పండ్ల చప్పుడు వినిపించును. అప్పటికి నష్టం జరిగిపోయి ఉండును.

నీరు

పెట్రోలు మండినపుడు పుట్టు వేడిలో మూడవ వంతుకంటె తక్కువ భాగమే చక్రాలకు శక్తిగా అందును. తక్కినది పొగ గొట్టం ద్వారాను, రేడియేటరు ద్వారాను బయటకు పోవలెను. రేడియేటరు దారి మూసికొనిపోయిన ఇంజను హెడ్డు వంగిపోవును.

ఇచ్చట మన ప్రాంతపు ప్రత్యేక సమస్య ఒకటి కలదు. ఇది సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నం ప్రసిద్ధమే కదా! బోరునీటిలో లవణాలు ఎక్కువ. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే, ఆ నీరు పోసిన రేడియేటరు గొట్టాలలోను, ఇంజను నీటి దారులలోను పెచ్చు కట్టును. ఆ పెచ్చు వేడిని కదలనీయదు. కనుక శుద్ధజలంలో కూలెంటును తగు పాళ్లలో కలిపి వాడవలెను. రెండేండ్లకొకసారి పాతదానిని తీసివేసి కడిగి కొత్తది పోయవలెను.

ఇంజను వేడెక్కుచున్నదని థర్మోస్టాటును పీకివేయుట ఒక దురాచారం. థర్మోస్టాటు లేని ఇంజను తగిన వేడికి చేరుటకు ఆలస్యమగును. పెట్రోలు ఎక్కువ ఖర్చగును, నూనెలో తేమ నిలిచి అరుగుదల పెరుగును. వేడెక్కుటకు కారణం రేడియేటరులోని పెచ్చో, రేకులలోని దూదియో, ఫ్యాను బెల్టు వదులో, నీటి పంపు లోపమో వెదకవలెను. రేకులలోని ధూళిని ఇంజను వైపునుండి ముందుకు గాలి కొట్టి తీయవలెను. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తెరువరాదు. మూత క్రింద ఒత్తిడి ఉన్నందున నీరు నూరు డిగ్రీలు దాటియు మరుగకుండ ఉండును. మూత తీసిన మరుక్షణం అది ఆవిరియై ముఖం మీదికి చిమ్మును.

గాలి, ఇంధనం

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి ఇంజను పీల్చుకొనును. ఆ గాలితో వచ్చు ధూళినంతటిని ఆపవలసినది ఒక్క ఎయిర్ ఫిల్టరే. పొలాల దారులలో తిరుగు కారుకు నెలకొకసారి ఫిల్టరును తీసి చూడుట అవసరం. చిరిగిన ఫిల్టరు ఉన్న ఇంజను ఆకురాయితో అరగదీయబడుచున్నట్లే.

ఇంధనం విషయంలో రెండు మార్పులను పాత కారు యజమానులు గమనింపవలెను. మొదటిది, 2000 సంవత్సరం ఫిబ్రవరి 1 నుండి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయినది. అది ఆరోగ్యానికి మేలు చేసినది గాని, సీసపు పెట్రోలు కొరకు రూపొందిన ఇంజనులలో వాల్వు సీట్లు త్వరగా కుంగుట మొదలైనది. హెడ్డు విప్పిన సందర్భంలో గట్టి లోహపు సీట్లు వేయించుట దీనికి పరిష్కారం. రెండవది, 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. 2023లో విక్రయానికి వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు పాత రకం రబ్బరు గొట్టాలను, గాస్కెట్లను మెత్తబరచి పగుల్చును. తేమను పీల్చును. ట్యాంకు అడుగున ఉన్న మడ్డిని కదిలించును. పెట్రోలు కారు రబ్బరు గొట్టం వేడి ఇంజను ప్రక్కన ఉన్నదన్న సంగతి మరువరాదు. ఇథనాలుకు తట్టుకొను గొట్టాలు వేయించుట, ఇంధన ఫిల్టరును త్వరగా మార్చుట, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలువ ఉంచకుండుట – ఈ మూడును పాటింపదగినవి.

బ్రేకులు, స్టీరింగు, చక్రాలు

ఇంజను చెడిన కారు ఆగిపోవును. బ్రేకులు చెడిన కారు ఆగదు. ఈ రెండింటిలో ఏది ప్రమాదమో ఆలోచింపుడు.

మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు 60 కిలోమీటర్ల వేగంతో పోవునపుడు దానిలోని గతిశక్తి సుమారు 208 కిలోజౌళ్లు. 30 డిగ్రీల వద్ద ఉన్న ముప్పాతిక లీటరుకు కొంచెం తక్కువ నీటిని మరిగే స్థితికి తెచ్చుటకు ఆ శక్తి చాలును. బ్రేకు వేసిన ప్రతిసారి ఆ వేడినంతటిని కొన్ని క్షణాలలో డ్రమ్ములును, డిస్కులును భరింపవలెను.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొను స్వభావం కలది. డాట్ 3 తరగతి ద్రవం కొత్తగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల వరకు మరుగదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీల వరకు పడిపోవచ్చును. ద్రవం మరిగిన గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడును. ద్రవం నలుగదు గాని ఆవిరి నలుగును. అప్పుడు పెడలు నేలకు తగులును గాని బ్రేకు పడదు. కనుక ద్రవం శుభ్రంగా కనిపించినను రెండేండ్లకొకసారి మార్చవలెను. ఇంజను నూనెను గాని కిరసనాయిలును గాని బ్రేకు డబ్బాలో పోయుట ప్రాణాంతకం. అది రబ్బరు కప్పులను ఉబ్బించి పాడుచేయును.

అంబాసిడరువంటి కారులో ముందు చక్రాల కీళ్లకు గ్రీజు పట్టించుటకు నిపుళ్లు ఉండును. సుమారు 1,500 కిలోమీటర్లకొకసారి పాత గ్రీజు బయటకు వచ్చునంతవరకు కొత్తది ఎక్కింపవలెను. వెనుక కమాను పట్టీలలో విరిగినది ఉన్నదేమో చూడవలెను. స్టీరింగు కొంత తిప్పిన తరువాత గాని చక్రం కదలకున్న టై రాడ్డు చివరలు అరిగినవని తెలియవలెను. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టం. గాడి ఉన్నను ప్రక్కలు పగిలిన టైరు ఎండకాలపు దారికి పనికిరాదు.

మారుతి 800వంటి కారులో వాల్వులను నడుపు పంటి బెల్టు రబ్బరుది. అది తెగుటకు ముందు చప్పుడు చేయదు. దాని చరిత్ర తెలియని పాత కారును కొన్నచో ఆలోచింపక ముందు దానిని మార్చవలెను.

విద్యుత్తు, దేహం

బ్యాటరీలో శుద్ధజలం మట్టం, టెర్మినళ్ల శుభ్రత నెలకొకసారి చూడవలెను. ఇంజను నడుచునపుడు బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు ఉండవలెను. ధాన్యం, పత్తి నిలువ ఉన్న ఇంటి ప్రక్కన కారు పెట్టువారు ఎలుకల సంగతి మరువరాదు. అవి తీగల తొడుగును కొరికిన రెండు తీగలు కలిసి నిప్పు పుట్టును. ఫ్యూజు పోయినచోట తగిన ఫ్యూజు వేయక లావు తీగ చుట్టుట నిప్పును పిలుచుటయే. వానకాలం ముగిసిన వెంటనే కారు అడుగుభాగంలోని రేగడి మన్నును కడిగించి, తలుపుల క్రింది నీటి రంధ్రాలను తెరిపించినచో తుప్పు చాలవరకు ఆగును.

గడువుల పట్టిక

వారానికొకసారి: ఇంజను నూనె, రేడియేటరు నీరు, బ్రేకు ద్రవం మట్టాలు, టైర్ల గాలి. గాలిని చక్రాలు చల్లగా ఉన్నపుడే చూడవలెను.

నెలకొకసారి: ఎయిర్ ఫిల్టరు, ఫ్యాను బెల్టు, బ్యాటరీ, దీపాలు, గొట్టాల పగుళ్లు.

5,000 కిలోమీటర్లకు: నూనె, ఫిల్టరు మార్పు, గేరుపెట్టె, డిఫరెన్షియలు మట్టాలు.

10,000 కిలోమీటర్లకు: స్పార్కు ప్లగ్గులు, వాల్వు సందులు, బ్రేకు లైనింగులు విప్పి చూచుట, చక్రాల బేరింగులకు గ్రీజు.

రెండేండ్లకు: బ్రేకు ద్రవం, కూలెంటు మార్పు, రబ్బరు గొట్టాలన్నిటి తనిఖీ.

జమాఖర్చు, చట్టం

డబ్బు తక్కువగా ఉన్నపుడు ఏది ముందు, ఏది తరువాత అన్నదే అసలు ప్రశ్న. నా అభిప్రాయంలో బ్రేకులు, స్టీరింగు, టైర్లు మొదటివి. తరువాత నీరు, నూనె. తరువాత ఇంజను బలం. రంగు, సీటు కవర్లు చిట్టచివరివి. మన బజారులో ఈ వరుస తరచుగా తలక్రిందులగుట విచారకరం. తళతళలాడు రంగు క్రింద అరిగిన లైనింగులున్న కారు చూపరులను మోసగించును గాని దారిని మోసగింపజాలదు.

ప్రతి ఖర్చును తేదీతోను, మీటరు అంకెతోను ఒక పుస్తకంలో వ్రాయవలెను. ఏడాది చివర మరమ్మతుల మొత్తాన్ని నడిచిన కిలోమీటర్లతో భాగించిన కిలోమీటరు ఖర్చు తేలును. అది ఏటేట పెరుగుచు, రాబడిని మించిన నాడు, లేదా చాసిస్ తుప్పుపట్టి బలం కోల్పోయిన నాడు, ఆ కారుకు సెలవు చెప్పవలెను. అంతవరకు సెలవు చెప్పనక్కరలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిదప పరీక్ష చేయించి అయిదేసి ఏండ్లకు పునరుద్ధరించుకొనవలెను. బాడుగ కారుకు ఫిట్‌నెస్ పత్రం వేరుగా కావలెను. ఈ పరీక్షను కాగితం కొరకు కాక కారు కొరకు చేయించినచో చట్టం ఉద్దేశం నెరవేరును.

మిస్త్రీ విద్య

మరమ్మతు అను మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగులోనికి వచ్చినది. కమాను అనగా పారసీలో విల్లు. వంగిన పట్టీకి ఆ పేరు ఎంత సరిపోయినదో చూడుడు. పానా, ఉస్తాదు వంటి మాటలు మన మోటారు షెడ్లలో ఉర్దూ, తెలుగు మాట్లాడువారందరికిని సొంతమైనవి. ఈ విద్య పుస్తకాలలోకంటె ఎక్కువగా ఉస్తాదు చేతినుండి శిష్యుని చేతికి చేరినది. చెవితో ఇంజను లోపాన్ని పసిగట్టు మిస్త్రీలు మన మధ్య కలరు. అయితే వారి జ్ఞానం వ్రాతలో లేకపోవుటచేత వారితోనే అంతరించు ప్రమాదం ఉన్నది. కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన యువకుడు ఆ అనుభవానికి కారణాలను జోడించి వ్రాసిపెట్టగలడు. చదువుకొన్నవాడు పానా పట్టుటకు సిగ్గుపడరాదు. పానా పట్టినవాడు గేజి చూచుటకు, పుస్తకం చదువుటకు వెనుదీయరాదు. ఈ రెండును కలిసిన చోటనే మంచి మరమ్మతు జరుగును.

ఉర్దూలో అమానత్ అను గొప్ప మాట ఒకటి కలదు. ఇతరులు నమ్మి మన చేతికి అప్పగించినది అని దాని అర్థం. బాడుగ కారు ఎక్కినవాడు తన ప్రాణాన్ని డ్రైవరుకు, యజమానికి, వారి వెనుకనున్న మిస్త్రీకి అమానతుగా ఇచ్చుచున్నాడు. బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చినారని అతడు అడుగడు. ఆ ప్రశ్నను అతని పక్షాన మనమే అడుగవలెను. దానికి తేదీతో సహా జవాబు చెప్పగల యజమాని కారు ఎంత పాతదైనను నమ్మదగినదే.